చీటీలో ఒకటే అంకె, చలానాలో పది వరుసలు

కరీంనగర్ లాంటి పట్టణంలో 200 గజాల ప్లాటున్న ఉద్యోగ దంపతులను ఊహించుకుందాం. మేస్త్రీతో చదరపు అడుగు లెక్క మాట్లాడుకున్నారు. సిమెంటు బస్తా ఎంత, టన్ను స్టీలు ఎంత, ఇసుక ట్రాక్టర్ ఎంత అని నోటు పుస్తకంలో రాసుకున్నారు. తలుపులకు టేకా, వేపా అని ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. పర్మిషన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్లాను గీసిన మనిషి ఒక చీటీ ముక్క మీద ‘పర్మిషన్, పై ఖర్చులతో కలిపి’ అని రాసి, పక్కన ఒకే ఒక్క అంకె వేసి ఇచ్చాడు. ఏది ఎంతో విడివిడిగా చెప్పమంటే, “అవన్నీ మీకెందుకు సార్, నేను చూసుకుంటా కదా” అన్నాడు.

టేకు తలుపు కోసం నాలుగు దుకాణాలు తిరిగినవాళ్లు ఈ చీటీని మాత్రం మడిచి జేబులో పెట్టుకుంటారు. పర్మిషన్ బడ్జెట్ చాలా ఇళ్లలో తప్పేది ఇక్కడే. మున్సిపాలిటీ పోర్టల్ ఇచ్చే డిమాండ్ చలానాలో ఒక అంకె ఉండదు, వరుసలుంటాయి. ఏ వరుస ఏ చట్టం కింద వచ్చిందో, దేని మీద లెక్కకట్టారో తెలిస్తే ఎంత పక్కన పెట్టుకోవాలో, దేన్ని ప్రశ్నించాలో కూడా తెలుస్తుంది.

వరుసకో చట్టం

చట్టం అధికారం ఇవ్వనిదే ప్రభుత్వం ఏ పన్నూ విధించకూడదని, వసూలు చేయకూడదని రాజ్యాంగంలోని 265వ అధికరణ చెబుతోంది. ఇంటి ప్లానుకు వసూలు చేసే రుసుములకు కూడా చట్టంలో ఆధారం ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 1992లో స్పష్టం చేసింది. అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ ప్లాను మంజూరు చేసేటప్పుడు డెవలప్‌మెంట్ ఫీజు అడిగింది. దాన్ని విధించే అధికారం తమకు చట్టంలో నేరుగా రాసి లేకపోయినా, అభివృద్ధి బాధ్యత తమదే కాబట్టి వసూలు చేసుకోవచ్చని వాదించింది. డబ్బు వసూలుకు సంబంధించిన అధికారాన్ని అలా ఊహించుకోవడం కుదరదని కోర్టు తేల్చింది. ‘ఇది ఏ నిబంధన కింద?’ అని ఇవాళ కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఒక ఇంటి యజమాని అడగగలుగుతున్నాడంటే దాని వెనక ఇలాంటి తీర్పుల బలం ఉంది.

తెలుగు రాష్ట్రాల చలానాల్లో తరచూ కనిపించే వరుసలు ఇవి. కట్టబోయే విస్తీర్ణాన్ని బట్టి పర్మిట్ ఫీజు. స్థలానికీ కట్టడానికీ విడివిడిగా డెవలప్‌మెంట్ చార్జీలు. వీటికి మూలం 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం. రోడ్లు, డ్రైనేజీ లాంటి సదుపాయాల పేరిట బెటర్‌మెంట్ చార్జీలు. ఇంకుడు గుంత పేరిట కొంత, కట్టడ వ్యర్థాల పేరిట కొంత. ఖాళీ స్థలం పన్ను బకాయి ఉంటే అదీ ఇక్కడే బయటపడుతుంది. ప్లాటు కొని పదేళ్లు అటువైపు చూడనివాళ్లకు ఉలిక్కిపాటు ఈ వరుస దగ్గరే. రేట్లు ఊరిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి. అందుకే పక్క పట్టణంలో బావమరిది కట్టిన చలానా చూసి మన ఇంటికి లెక్క వేసుకుంటే పొంతన కుదరదు.

గజాలను బట్టి దారి

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం దరఖాస్తులను స్థలం సైజును బట్టి విడగొట్టింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కర్లేదు. రూపాయి టోకెన్ రుసుముతో పేరు నమోదు చేసుకుంటే చాలు. అది దాటి 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకన్నా పెద్దవి సింగిల్ విండోలో వెళ్తాయి. 21 రోజుల్లో అధికారులు ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి బిల్డింగ్ రూల్స్ కింద దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే నడుస్తాయి.

మన దంపతుల 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు, చదరపు మీటర్లలో సుమారు 167. వాళ్ల ఇల్లు రెండో దారిలోకి వస్తుంది. డబ్బు కట్టగానే కాగితం చేతికొస్తుంది కాబట్టి పని తేలికనిపిస్తుంది. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే ‘నేను చెప్పినదంతా నిజం’ అని యజమాని సంతకం పెట్టడం. అనుమతి వచ్చాక అధికారులు పరిశీలిస్తారు. తప్పుడు వివరాలని తేలితే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ధ్రువీకరణకు విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని కూడా చట్టం ఇచ్చింది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), స్థలం కొలతలు ముందుగా సరిచూయించుకోవడానికి న్యాయవాదికీ సర్వేయర్‌కూ ఇచ్చే ఫీజు చలానాలో కనిపించదు. అయినా బడ్జెట్‌లో మొదటి ఖర్చు అదే.

బరువంతా ప్లాటు పుట్టుకలో

పర్మిట్ ఫీజు గురించే అందరూ ఆరా తీస్తారు. జేబు ఖాళీ చేసేది సాధారణంగా అది కాదు, ప్లాటు పుట్టుక. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పార్కుకూ ఖాళీ జాగాకూ ముందే స్థలం వదిలిపెట్టి ఉంటారు. పొలాన్ని ముక్కలు చేసి రాళ్లు పాతి అమ్మిన వెంచర్‌లో అది ఉండదు. ఆ లోటు భర్తీ కోసం తెలంగాణలో ప్లాటు విలువలో 14 శాతం కట్టమంటారు.

లెక్క చూద్దాం. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో గజం విలువ 10,000 రూపాయలు ఉందనుకుంటే 200 గజాలు 20 లక్షలు. అందులో 14 శాతమంటే 2,80,000 రూపాయలు. క్రమబద్ధీకరణ రుసుము దీనికి అదనం. ఈ ఒక్క వరుసే మిగతా చలానా మొత్తాన్ని మించిపోవచ్చు.

ఆ విలువ ఏ తేదీది అన్నది మరో పేచీ. తెలంగాణ ప్రభుత్వం 2020 ఆగస్టు 31న 131వ నంబరు జీవోతో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ప్రకటించినప్పుడు నాటి మార్కెట్ విలువ మీద 14 శాతం అన్నారు. పదిహేనేళ్ల కిందట గజం వందల్లో ఉన్నప్పుడు కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. రెండు వారాలకే సెప్టెంబరులో 135వ జీవో వచ్చింది. ప్లాటు రిజిస్టరైన తేదీ నాటి విలువనే లెక్కలోకి తీసుకుంటామని సవరించారు. 2025 మార్చిలో 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. కాబట్టి ఎల్ఆర్ఎస్ నోటీసు చేతికి రాగానే అందులో ఏ తేదీ విలువ వేశారో చూసి, సేల్ డీడ్ మీది తేదీతో సరిపోల్చుకోవాలి. తేడా ఉంటే డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి.

లేబర్ సెస్: పాత పది లక్షలు, కొత్త యాభై లక్షలు

నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్ వసూలు చేస్తున్నారు. స్థలం ధర ఈ లెక్కలోకి రాదు. 1996 చట్టం సొంతానికి కట్టుకునే ఇంటి ఖర్చు 10 లక్షలు దాటకపోతే మినహాయింపు ఇచ్చింది. ఆ రోజుల్లో పది లక్షలంటే మేడ. తర్వాత ధరలు పెరిగి, రెండు గదుల ఇల్లు కట్టుకునేవాడు కూడా సెస్ పరిధిలోకి వచ్చిపడ్డాడు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ పరిమితిని మార్చింది. వ్యక్తులు తమ నివాసానికి కట్టుకునే ఇంటి ఖర్చు 50 లక్షలు మించకపోతే అది కోడ్ చెప్పే ‘నిర్మాణ పని’ కిందికి రాదు. మన దంపతుల ఇంటి అంచనా 40 లక్షలైతే పాత లెక్కన సెస్ 40,000 రూపాయలు. వాళ్ల చలానాలో ఆ వరుస కనిపిస్తే ఏ నిబంధన కింద వేశారో అడగడానికి ఇది గట్టి ఆధారం. అద్దెకిచ్చేందుకో అమ్మేందుకో కట్టేవారికి ఈ వెసులుబాటు ఉందనుకోకూడదు.

చలానా తర్వాతి ఖర్చులు

బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. పనికి తాత్కాలిక కరెంటు మీటరు, ఆ తర్వాత పర్మనెంట్ మీటరు, నల్లా కనెక్షన్, డ్రైనేజీ కనెక్షన్ దేనికదే వేరే చలానా. పెద్ద కట్టడాలకు నిర్మిత విస్తీర్ణంలో పది శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టాకే దాన్ని విడుదల చేస్తారు. చిన్న ఇళ్లకు మినహాయింపు ఉంది. ఏ సైజు వరకన్నది ప్లాను గీయించకముందే కనుక్కుంటే మంచిది, ఎందుకంటే తనఖా డీడ్‌కూ ఖర్చవుతుంది. అనుమతికి గడువూ ఉంటుంది. అది దాటితే మళ్లీ ఆఫీసు మెట్లు ఎక్కాలి, మళ్లీ కట్టాలి.

ప్లాను దాటి కడితే ఆ తర్వాత చెల్లించేది ఎక్కువ. రోడ్డు వైపు కాక మిగతా వైపుల సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడాను రుసుము కట్టించుకుని మన్నించే వీలు నిబంధనల్లో ఉంది. మీటరు వదలాల్సిన చోట పది శాతమంటే పది సెంటీమీటర్లు, జానెడులో సగం. మెట్లు కాస్త బయటికి జరిపితేనే అది దాటిపోతుంది. అసలు అనుమతే లేకుండా కట్టిన ఇంటికి ఆస్తి పన్నుతో పాటు అంతకు అంతా జరిమానా ఏటా పడుతుంది. ఆ జరిమానా కట్టినంత మాత్రాన ఇల్లు సక్రమమైపోదు.

ఓసీ, అంటే నివాస యోగ్యత పత్రం, తీసుకోవడానికి చాలామంది బద్ధకిస్తారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌కు చెందిన ఒక కేసులో అక్రమ కట్టడాల మీద దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. మంజూరైన ప్లానును పని జరుగుతున్న చోట ప్రదర్శించాలని, కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఈ పత్రం చూశాకే ఇవ్వాలని, కట్టడాన్ని హామీగా పెట్టుకుని రుణమిచ్చే బ్యాంకులు కూడా దీన్ని పరిశీలించాలని చెప్పింది. ఇంటి మీద అప్పు తీసుకోవాల్సి వస్తే మొదట అడిగేది ఈ కాగితాన్నే.

అనుమానం వస్తే

ఏ రుసుము ఏ జీవో కింద, ఏ రేటుతో లెక్కకట్టారో తెలపమని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తు రుసుము మున్సిపల్ కార్యాలయంలో పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో సమాధానం రావాలి.

ఇక చీటీలోని ‘పై ఖర్చులు’. లంచం అడిగితే తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. అయితే 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. అవినీతి నిరోధక చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే శిక్ష నుంచి బయటపడతారు. ఎనిమిదో రోజున ఆ రక్షణ ఉండదు. ‘మధ్యలో మనిషి ఉన్నాడు కదా, మనకేం’ అనుకోవడానికీ వీల్లేదు, డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్లినా ఇచ్చినట్టే లెక్క.

మన దంపతులు ఇప్పుడు నోటు పుస్తకంలో కొత్త పేజీ తీశారు. ఎడమవైపు చలానా వరుసలు, పక్కన ఏ చట్టం, ఏ విస్తీర్ణం మీద లెక్క, కుడివైపు రసీదు నంబరు. ప్లాను గీసిన మనిషికి డ్రాయింగు ఫీజు విడిగా రాశారు, దానికి బిల్లు అడిగారు. ప్రభుత్వ రుసుములన్నీ తమ బ్యాంకు ఖాతా నుంచే పోర్టల్‌లో కడతామని చెప్పారు. చీటీలోని అంకెలోంచి చలానా, డ్రాయింగు ఫీజు రెండూ తీసేస్తే కొంత మిగిలింది. ఆ మిగిలినదానికి ఎదురుగా రాయడానికి వాళ్లకు ఏ చట్టమూ దొరకలేదు.