ఎరువుల సిఫారసు రాయడంలో సమీక్ష నేర్పే పాఠాలు

“వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం వేయాలి.” కొత్తగా విస్తరణ రచన చేపట్టిన శాస్త్రవేత్తల ముసాయిదాలలో ఇటువంటి వాక్యం తరచుగా కనిపిస్తుంది. మోతాదు ప్రాంతాన్ని, రుతువును బట్టి మారుతుంది; ఇక్కడి అంకెలు ఉదాహరణ కొరకే. ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, శాస్త్ర దోషమూ లేదు. అయినప్పటికీ పొలానికి చేరే సరికి దాని అర్థం మారిపోవచ్చు. ఆ సంగతి రాసినవారికి తోచదు, చదివినవారు చెప్పవలసిందే.

దుకాణంలో దొరికేది నత్రజని కాదు, యూరియా. అందులో నత్రజని 46 శాతమే కనుక 48 కిలోల నత్రజనికి సుమారు 104 కిలోల యూరియా కావాలి. రైతు 48 కిలోల యూరియా అని గ్రహిస్తే పైరుకు అందేది 22 కిలోల నత్రజని మాత్రమే. క్షేత్రంలో పనిచేసే వ్యవసాయాధికారి ఎత్తిచూపే మొదటి లోపం సాధారణంగా ఇదే.

రచయిత ముసాయిదాను సవరించి “104 కిలోల యూరియా, 52 కిలోల డి.ఎ.పి.” అని రాస్తాడు. ఈసారి నేల శాస్త్రవేత్త అభ్యంతరం చెబుతాడు. డి.ఎ.పి.లో 46 శాతం భాస్వరంతో పాటు 18 శాతం నత్రజని కూడా ఉంది. 52 కిలోల డి.ఎ.పి. ద్వారానే 9.4 కిలోల నత్రజని నేలకు చేరుతుంది కనుక యూరియా 84 కిలోలు చాలు. అంటే మొదటి సవరణే రైతు చేత 20 కిలోల యూరియాను వృథాగా కొనిపించేది! పైగా బస్తాపై ముద్రించే భాస్వర శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో ఉంటుంది. 24 కిలోల పెంటాక్సైడ్‌లో మూలక భాస్వరం 10.5 కిలోలే. పరిశోధన పత్రంలో మూలక రూపంలో ఉన్న అంకెను 2.29తో గుణించకుండా కరపత్రంలోకి ఎత్తిరాస్తే మోతాదు సగానికి పైగా తగ్గిపోతుంది.

బస్తాల లెక్క మరొక చిక్కు. 2018 నుంచి యూరియా బస్తా 50 కిలోలకు బదులు 45 కిలోలతో వస్తున్నది. “రెండు బస్తాలు” అన్న పాత కరపత్రాన్ని యథాతథంగా పునర్ముద్రిస్తే 10 కిలోలు తగ్గినట్లే. అందుచేత కిలోలే ప్రధానంగా రాసి, ప్రచురణ సంవత్సరాన్ని తప్పక ముద్రించాలి. పురుగుమందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రవంగానూ, 70 శాతం గుళికలుగానూ దొరుకుతుంది. శాతం పేర్కొనని సిఫారసుకు అర్థం లేదు.

తోటి శాస్త్రవేత్తల సమీక్ష ఎంత నిశితమైనా రైతు ఎదుట చదివి వినిపించడానికి సాటిరాదు. అయితే “అర్థమైందా?” అని అడిగితే మొహమాటానికి “అర్థమైందండీ” అనే జవాబే వస్తుంది. “దుకాణంలో ఏమేమి, ఎంతెంత కొంటారండీ?” అని అడిగినప్పుడే లోపం బయటపడుతుంది. ఆ జవాబులను, సమీక్షకుల వ్యాఖ్యలను, ప్రతి సవరణకు కారణాన్ని తేదీతో సహా ముసాయిదా ప్రతిపైనే నమోదు చేసి భద్రపరచాలి. లేనిపక్షంలో మరుసటి సంవత్సరం కరపత్రం రాసేవారు తిరిగి మొదటి వాక్యంతోనే ప్రారంభిస్తారు.

నత్రజనిని మూడు సమభాగాలుగా లెక్కించి తుదిగా సవరించిన వాక్యం ఇలా ఉంటుంది: “ఎకరాకు ఆఖరి దమ్ములో 52 కిలోల డి.ఎ.పి., 14 కిలోల యూరియా. దుబ్బు చేసే దశలో 35 కిలోల యూరియా. అంకురం ఏర్పడే దశలో మరో 35 కిలోల యూరియా వేయాలి.”