ఫిలిప్పీన్స్ బాలలతో స్వచ్ఛంద సేవ: హక్కులు, నైపుణ్యాలు, ఉద్యోగ మార్గాలు

ఫిలిప్పీన్స్‌లో కళాశాల విద్యార్థుల సమాజ సేవకు చట్టమే చోటు కల్పించింది. 2001 నాటి 9163వ రిపబ్లిక్ చట్టం ప్రకారం డిగ్రీ విద్యార్థులు సైనిక శిక్షణ, అక్షరాస్యతా శిక్షణ, పౌర సంక్షేమ శిక్షణల్లో ఏదో ఒకటి రెండు సెమిస్టర్ల పాటు పూర్తిచేయాలి. ఒక్కో సెమిస్టర్‌కు 54 నుంచి 90 గంటలు కేటాయిస్తారు. అక్షరాస్యతా శిక్షణ తీసుకున్నవారు బడిపిల్లలకు, బడి మానేసినవారికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పుతారు. ఇది తప్పనిసరి పాఠ్యాంశమే అయినా, తర్వాత స్వచ్ఛంద సంస్థల్లో కొనసాగేవారికి తొలి అనుభవంగా పనికొస్తుంది. 2007లో స్వచ్ఛంద సేవకు 9418వ చట్టం విడిగా వచ్చింది. ఈ రంగాన్ని సమన్వయం చేసే జాతీయ ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. ఏటా డిసెంబరును స్వచ్ఛంద సేవా మాసంగా పాటిస్తారు.

ఎవరికి ఈ సేవ?

మనీలా వీధుల్లో బతికే పిల్లలు, చెత్తకుప్పల్లో పాత సామాను ఏరుకునేవారు, నెగ్రోస్ దీవి చెరకు తోటల్లో పనిచేసేవారు, మిందనావో దీవిలో సాయుధ ఘర్షణల వల్ల ఊళ్లు వదిలినవారు, తుపాన్లలో ఇళ్లు కోల్పోయినవారు, ఆన్‌లైన్ లైంగిక దోపిడీకి గురైనవారు ఈ సేవ అవసరమైన వర్గాల్లో ప్రధానులు. ఒక్కో వర్గం అవసరం ఒక్కో రకం. వీధి బాలలకు ముందు నమ్మకం, భద్రత కావాలి. బడి మానినవారికి తిరిగి చదువు అందించే ప్రత్యామ్నాయ అభ్యసన విధానం ఉంది. దానికి 2020లో చట్టబద్ధత వచ్చింది. దోపిడీ నుంచి బయటపడినవారికి శిక్షణ పొందిన కౌన్సెలర్లే సాయపడాలి. ఆ బాధ్యతను విద్యార్థి నెత్తికెత్తుకోకూడదు.

తెలిసి ఉండాల్సిన చట్టాలు

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఫిలిప్పీన్స్ 1990లో ఆమోదించింది. 1992 నాటి 7610వ చట్టం పిల్లలపై హింసను, దోపిడీని, వివక్షను శిక్షార్హం చేసింది. 2003 నాటి 9231వ చట్టం బాల కార్మికత నియమాలను కట్టుదిట్టం చేసింది. కొన్ని మినహాయింపులు పోను, 15 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకోకూడదు. 15 నుంచి 18 ఏళ్లలోపు వారితో రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు మించి పని చేయించకూడదు. 2006 నాటి 9344వ చట్టం 15 ఏళ్లు, అంతకు లోపు పిల్లలను నేర బాధ్యత నుంచి మినహాయించింది. బాల్య వివాహాలను 2021లో నిషేధించారు. లైంగిక సమ్మతి వయసును 2022లో 12 నుంచి 16 ఏళ్లకు పెంచారు.

ఈ చట్టాలు అమలయ్యే తొలి వేదిక బరంగాయ్. అది అక్కడి స్థానిక పాలనలో అన్నిటికంటే చిన్న విభాగం. ప్రతి బరంగాయ్‌లోనూ బాలల రక్షణ మండలి ఉండాలి. వేధింపు జరిగిందన్న అనుమానం వస్తే వాలంటీరు తానే విచారణ చేయకూడదు. తన సంస్థలోని బాలల రక్షణ బాధ్యుడికి వెంటనే చెప్పాలి. అక్కడి నుంచి విషయం సామాజిక సంక్షేమ శాఖకు, పోలీసుల మహిళా శిశు రక్షణ విభాగానికి వెళుతుంది.

విద్యార్థులు చేయగల పనులు

విద్యార్థి వయసులోనే ఏం చేయవచ్చో చెప్పడానికి ఫిలిపినో ఎఫ్రెన్ పెనాఫ్లోరిదా ఒక ఉదాహరణ. ఆయన 1997లో, టీనేజీలో ఉండగానే, మిత్రులతో కలిసి కవితే నగరంలో ఒక యువజన బృందాన్ని మొదలుపెట్టారు. ఆ బృందం పుస్తకాలు, బల్లలు తోపుడు బండ్లపై వీధుల్లోకి తీసుకెళ్లి పిల్లలకు పాఠాలు చెప్పింది. ఆయనకు 2009లో సీఎన్ఎన్ ‘హీరో ఆఫ్ ది ఇయర్’ గుర్తింపు వచ్చింది. ఎన్నో ఏళ్లు వారం వారం తిరిగి వెళ్లడమే ఈ పనికి బలం. తరచూ మనుషులు మారితే, ఇప్పటికే ఎడబాటు చవిచూసిన పిల్లలకు అది మరో దెబ్బ అవుతుంది. అందుకే కొద్దిరోజులే ఉండగలవారు పిల్లలతో నేరుగా మెలగడం కంటే బోధన సామగ్రి తయారీ, పత్రాల నమోదు, నిధుల సేకరణ వంటివి ఎంచుకోవడం మేలు. జనన ధ్రువీకరణ లేని పిల్లల కుటుంబాలకు దరఖాస్తు నింపడంలో సాయపడటం కూడా హక్కుల పనే.

సంస్థను ఎంచుకునేటప్పుడు దానికి ప్రభుత్వ నమోదు ఉందా, రాతపూర్వక బాలల రక్షణ విధానం ఉందా, వాలంటీర్ల పూర్వ చరిత్రను పరిశీలిస్తుందా అన్నవి చూడాలి. ఈ పరిశీలన లేకుండా ఎవరినైనా పిల్లల దగ్గరికి పంపే సంస్థకు దూరంగా ఉండాలి. పిల్లల ఫొటోలు, పేర్లు, కథలు సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు. ఒంటరిగా ఒక బిడ్డతో గదిలో ఉండకూడదు.

బయటి దేశాల విద్యార్థులకు

వైద్యవిద్యకు దవావో, మనీలా ప్రాంతాలకు వెళ్లే విద్యార్థుల్లో తెలుగువారూ ఉన్నారు. వారు ఆరోగ్య శిబిరాల్లో లైసెన్సు ఉన్న వైద్యుల పర్యవేక్షణలో సహాయకులుగా మాత్రమే పనిచేయాలి. తమ వీసా స్వచ్ఛంద సేవకు అనుమతిస్తుందో లేదో ముందే కళాశాల ద్వారా, వలస విభాగం ద్వారా తెలుసుకోవాలి. మనీలాలో ఫిలిపినో, దవావోలో సెబువానో వాడుకలో ఉంటాయి కనుక కొంతైనా స్థానిక భాష నేర్చుకోకపోతే పిల్లలతో పని సాగదు.

ఉద్యోగ మార్గాలు

ఫిలిప్పీన్స్‌లో సామాజిక కార్యకర్త వృత్తిని 1965 నాటి 4373వ చట్టం నియంత్రిస్తుంది. సోషల్ వర్క్ డిగ్రీ చదివి, లైసెన్సు పరీక్ష రాయాలి. భారత్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ప్రధాన అర్హత. టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు హైదరాబాద్‌లోనూ ప్రాంగణం ఉంది. జిల్లా బాలల రక్షణ విభాగాల్లో రక్షణ అధికారి, కౌన్సెలర్, క్షేత్ర కార్యకర్త వంటి పోస్టులు ఉంటాయి. న్యాయశాస్త్రం చదివినవారు బాలల హక్కుల న్యాయవాదులుగా స్థిరపడవచ్చు. 1970లో ఏర్పడి జర్మనీలోని బాన్ కేంద్రంగా పనిచేసే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం అంతర్జాతీయ అనుభవానికి ఒక దారి.

ఈ రంగంలో తెలుగు నేలకు మనీలాతో ఒక సంబంధం ఉంది. బాల కార్మికులను బడికి మళ్లించిన ఎం.వి. ఫౌండేషన్ కృషికి గాను దాని సారథి శాంతా సిన్హాకు 2003లో, మనీలాలో ప్రదానం చేసే రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆమె 2007లో భారత జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

నియామకాల్లో ధ్రువపత్రం కంటే పని వివరాలకే విలువ ఎక్కువ. ఎన్ని నెలలు పనిచేశారు, ఏ వయసు పిల్లలకు ఏం నేర్పారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, బాలల రక్షణలో ఏ శిక్షణ పొందారు అన్నవి దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. పిల్లల పేర్లు, గుర్తింపు వివరాలు అందులోనూ ఉండకూడదు.