ముప్ఫై అయిదులో జర్మన్: ముందు చెవికి పని చెప్పండి

జర్మనీలో నర్సుగా చేరాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. వ్యాకరణం, మాటలు కూర్చుని చదివితే వస్తాయి. ఉచ్చారణ దగ్గరికి వచ్చేసరికే ముప్ఫై దాటినవాళ్లు "ఈ వయసులో నాలుక తిరగదండీ" అని చేతులెత్తేస్తారు. నాలుక తిరగకపోవడానికి ముందు, కొత్త ధ్వనుల మధ్య తేడా చెవికే అందడం లేదు.

ఈ కథ మనం అనుకునేదానికంటే చాలా ముందు మొదలవుతుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీ త, ట లను వేరుగా పోల్చుకోగలిగారు. ఏడాది నిండే వేళకు ఆ వయసు పిల్లల్లో చాలామందికి ఆ తేడా పట్టుబడలేదు. మన ఇళ్లలో వినిపించని ధ్వనుల మీద మన పట్టు కూడా అలాగే ఉయ్యాలలోనే సడలింది. చిన్నప్పుడే విదేశం వెళ్లినవాళ్లకు యాస తక్కువ, నిజమే. కానీ కెనడాలో స్థిరపడ్డ ఇటాలియన్లను జేమ్స్ ఫ్లెగీ బృందం పరిశీలిస్తే, వెళ్లిన వయసు పెరిగినకొద్దీ యాస క్రమంగా పెరుగుతూ వచ్చిందే తప్ప, ఏదో ఒక వయసు దగ్గర ఒక్కసారిగా కాదు. కాబట్టి పాతికలో వీలైంది నలభైలో అసాధ్యమని బెంగపడకండి.

మరి చెవిని ఎలా సిద్ధం చేసుకోవాలి? జర్మన్‌లో అన్ననైనా తమ్ముణ్నయినా బ్రూడర్ అంటారు. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే మాటలో ఊకారం ఒక్కటే మారుతుంది: నాలుకను 'ఈ' అనేచోట ఉంచి, పెదవులను 'ఊ' అన్నట్టు చుట్టాలి. కొత్తగా నేర్చుకునే తెలుగు చెవికి రెండూ బ్రూడర్లే. ఇలాంటి జంటలను ఫోర్వో వంటి ఉచ్చారణ వెబ్‌సైట్లలో ఆడ, మగ, రకరకాల గొంతుల్లో వినండి. ఏది ఏదో ఊహించి చెప్పి, తప్పో ఒప్పో వెంటనే చూసుకోండి. రోజూ పావుగంట చాలు, కానీ మానొద్దు. ఒక్క టీచరు గొంతుకే అలవాటుపడితే వార్డులో ముసలాయన గొణిగేది అర్థం కాదు. ఇంగ్లీషు ర, ల తేడా వినపడని వయోజనులైన జపనీయులకు అనేక గొంతులతో ఇలాగే శిక్షణ ఇచ్చి చూశారు. 1991 నాటి అధ్యయనంలో వాళ్ల వినికిడి మెరుగైంది. 1997లో వచ్చిన మరో అధ్యయనంలో, పలకడం నేర్పకపోయినా, వినడం సాధన చేసినంత మాత్రానే వాళ్ల ఉచ్చారణ కూడా బాగుపడింది. నాకు ఎంతో ధైర్యమిచ్చిన విషయమిది.

జర్మనీ కాకుండా జపాన్ వెళ్లేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ 'ఒబసన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసన్' అంటే బామ్మ. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు మనకు పలక పట్టిన నాటి నుంచీ ఉన్నవే.

యాస పూర్తిగా పోగొడతామనే కోర్సులకు డబ్బు పోయకండి. యాస ఉన్నా మాట స్పష్టంగా అర్థం కావచ్చని పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లోనే చూపించారు. ఆ శ్రమ డ్యూటీలో ప్రమాదం తెచ్చే మాటల మీద పెట్టండి. జర్మన్‌లో పదిహేనుకూ యాభైకీ మొదటి భాగం ఒకటే. చివర ఒకటి 'ట్సేన్', ఇంకొకటి 'ట్సిష్'కు దగ్గరగా పలుకుతాయి. ముందుగా ఈ జంటే సాధన చేయండి. మందు మోతాదు ఫోన్లో చెబుతుంటే, ఎంత నమ్మకంగా విన్నా "ఒకటి, అయిదు" అని అంకెలు విడదీసి తిరిగి చెప్పి, అవతలివాళ్లు అవునన్నాకే రాసుకోండి.