పాత సరకు బండికి తుప్పు: కారణములు, పరీక్ష, నివారణ

లేపాక్షి, హిందూపురం ప్రాంతములందు చిన్న సరకు బండి నేడు ఎన్నో రైతు కుటుంబములకు జీవనాధారము. టమాటా పెట్టెలు, పట్టుగూళ్లు, చింతపండు, ఎరువుల బస్తాలు, సంతకు పోవు గొఱ్ఱెలు, అన్నియు దానిమీదనే సాగుచున్నవి. మహీంద్రా పికప్ కానిండు, 2005లో విపణికి వచ్చిన టాటా ఏస్ కానిండు, పలువురు వీనిని పాతబండ్లుగనే కొనుచున్నారు. ఇంజను చక్కగా నడచుచుండగనే తొట్టి అడుగున రేకు చిల్లులు పడుట, తలుపు క్రిందిభాగము పొడియై రాలుట తరచుగ చూచుచున్నాము. ఇంజను చెడినచో చప్పుడు చేసి తెలుపును. తుప్పు మాత్రము చప్పుడు చేయదు. కావున దానిని మనమే వెదకి పట్టుకొనవలెను.

తుప్పు ఏల పట్టును?

లేపాక్షి నంది శిలగా పుట్టి శిలగానే నిలిచియున్నది. ఇనుము అట్టిది కాదు. భూమిలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఎఱ్ఱని ఖనిజముగా నుండును. కొలిమిలో ఆ ప్రాణవాయువును తొలగించి మనము లోహమును తీయుచున్నాము. నీరు, గాలి తగిలినంతనే అది తిరిగి తన పూర్వస్థితికే మరలును. దానినే తుప్పు అందుము.

ఈ విషయమును గ్రామ పాఠశాలలో సులభముగా చూపవచ్చును. మూడు సీసాలలో మెఱయుచున్న మేకులను వేయవలెను. మొదటిదానిలో నీరు సగమువరకు పోసి మూత తీసి యుంచవలెను. రెండవదానిలో బాగుగా కాచి చల్లార్చిన నీటిని నిండుగా పోసి, పైన నూనె పొరను నిలుపవలెను. మూడవదానిలో నీరు లేకుండ పొడిసున్నపు ముక్కలు వేసి మూత బిగింపవలెను. కొన్నిదినముల పిదప మొదటి సీసాలోని మేకులకే తుప్పు బాగుగా పట్టియుండును. రెండవదానికి గాలి అందలేదు, మూడవదానికి తేమ అందలేదు. నాలుగవ సీసాలో ఉప్పునీరు పోసి చూచినచో తుప్పు మరింత త్వరగా పట్టును. తుప్పునకు నీరు, గాలి రెండును కావలెను. లవణము దానికి వేగమిచ్చును.

మెట్టసీమలో తుప్పు ఎట్లు చేరును?

తుప్పు సముద్రతీరపు జబ్బనియు, వానలు తక్కువైన మనసీమకు దాని భయము లేదనియు పలువురు తలంతురు. పూర్వపు అవిభక్త అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే యనుట నిజమే. అయినను వాన ఎంత కురిసెననుట కంటె, రేకు ఎంతకాలము తడిగా నున్నదనుట ముఖ్యము.

మన బండ్లు తడియుట వానవలన మాత్రమే కాదు. నీరు చల్లిన మల్బరీ ఆకు, చితికిన టమాటాల రసము, పశువుల మూత్రము తొట్టిలోని అతుకులలో నిలుచును. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు మెఱయుట గృహిణులందరు ఎఱుగుదురు. చెంబుమీది మకిలను తినివేయు ఆ పులుపే, రంగు ఊడినచోట ఇనుమునుగూడ తినును. యూరియా, పొటాషు వంటి ఎరువులు గాలిలోని తేమను పీల్చి రేకుపై చెమ్మను నిలుపును. మడ్‌గార్డుల లోపల గట్టిపడిన మట్టి, ఒక్క వానకు తడిసినచో ఎన్నో దినములు ఆరదు. తొట్టిలో పఱచిన రబ్బరు చాప క్రిందను ఇట్లే జరుగును. ఉప్పదనముగల బోరునీటితో కడిగి ఆరబెట్టకున్నచో ఆ లవణము అతుకులలో మిగిలిపోవును.

పరీక్షించు విధము

బండిని కడిగి, పూర్తిగా ఆరిన పిదప పగటి వెలుతురులో చూడవలెను. తొట్టి మూలలు, తలుపుల క్రిందిఅంచు, మడ్‌గార్డుల లోపలివైపు, కాళ్ల క్రింది చాప అడుగు, ఇవి మొదట చూడవలసిన తావులు.

తుప్పును మూడు దశలుగా గుర్తింపవచ్చును. ఎఱ్ఱని పొడి మాత్రమే యుండి, గీకినంతనే గట్టి ఇనుము కనబడినచో అది పైతుప్పు. రంగుక్రింద పొక్కులు లేచి, రేకు గుంటలుపడినచో రెండవ దశ. తుప్పు ఇనుముకంటె ఎక్కువ స్థలము ఆక్రమించును గనుక రంగును పైకి నెట్టి పొక్కుగా లేచును. అనగా పొక్కు చిన్నదైనను దాని క్రింది గాయము పెద్దది కావచ్చును. స్క్రూడ్రైవరుతో పొడిచినపుడు రేకు లోనికి దిగినచో మూడవ దశ.

పాతబండి కొనువారు చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుపై నడపి చూడవలెను. అంటుకొనని తావున రంగుక్రింద దట్టమైన పుట్టీ ఉండవచ్చును. అట్టిచోట అమ్మువానిని నిలదీసి అడుగవలెను.

పైతుప్పును తొలగించుట

ఇది యజమాని తానుగా చేసికొనదగిన పని. తుప్పుమీదనే రంగు వేయుట మాత్రము కూడదు. చీముపట్టిన పుండుపై కట్టుకట్టినట్లు, రోగము కనబడకుండ పోవునే కాని మానదు.

మొదట ఇనుప బ్రష్షుతోను, పిదప గరుకు కాగితముతోను మెఱయు లోహము కనబడువరకు రుద్దవలెను. మచ్చ చుట్టును రెండు అంగుళముల మేర మంచి రంగునుగూడ పలుచబఱచవలెను. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక తడిపి రుద్దుట మేలు. ముక్కునకు ముసుగు, కంటికి అద్దములు ధరింపవలెను, పిల్లలను దూరముగ నుంచవలెను. గుంటలలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారిక్ ఆమ్లముతో తయారైన తుప్పుమందును, డబ్బాపై వ్రాసిన ప్రకారము చేతితొడుగులు ధరించి వాడవలెను.

తడి పూర్తిగా ఆరిన పిదప థిన్నరు తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, అదేదినమున ప్రైమరు పూయవలెను. రుద్దిన ఇనుమును రాత్రి మంచులో విడిచినచో ఉదయమునకు మరల ఎఱ్ఱబాఱును. ప్రైమరు ఒక్కటే నీటిని ఆపజాలదు. దానిపై రెండు మూడు పూతల రంగు, ఒక్కొక్క పూత ఆరిన పిదప, వేయవలెను.

చిల్లులు పడిన రేకు

చిల్లును పుట్టీతో పూడ్చుట ధనవ్యయమే కాని మరమ్మతు కాదు. పుట్టీ తేమను పీల్చి చుట్టునున్న రేకునుగూడ చెఱచును. చెడిన భాగమును గట్టి లోహము దొరకువరకు కోసివేసి, టింకరింగు పనివానిచే క్రొత్త రేకు అతికింపవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. డీజిలు ట్యాంకు, గొట్టములు దగ్గరనున్నచో తొలగింపవలెను. అతుకు వెనుకవైపునగూడ ప్రైమరు, రంగు పడినగాని పని పూర్తి కాదు.

ఛాసిస్ విషయమున జాగ్రత్త

తొట్టి రేకు చెడినచో సరకు పాడగును. ఛాసిస్ చెడినచో ప్రాణము పోవును. కమానుకట్టలను పట్టియుంచు కొక్కెముల దగ్గర, ఛాసిస్ అడ్డుకమ్ముల అతుకుల దగ్గర, ఇనుప బ్రేకు గొట్టములపైన పొరలు పొరలుగా ఊడు తుప్పు కనబడినచో బరువు ఎత్తుట మాని, అనుభవముగల మెకానిక్కుకు చూపవలెను. అచ్చట ఇంటిలో అతుకు వేయుట ప్రమాదకరము. 8 సంవత్సరములు దాటిన సరకు వాహనమునకు ఫిట్‌నెస్ ధ్రువపత్రమును ఏటేట పొందవలసియున్నది. ఆ తనిఖీని బరువుగా తలంపక, బండి అడుగును చూపించుకొను అవకాశముగా భావింపవలెను.

నివారణ

ఎరువు, పశువులు, టమాటాలు దింపిననాడే తొట్టిని కడిగి, తలుపులు తెఱచి ఎండలో నిలుపవలెను. సాయంకాలము కడుగుటకంటె ఉదయము కడుగుట మేలు. వారమునకొకసారి రబ్బరు చాప ఎత్తవలెను. తలుపుల క్రిందనుండు నీటి రంధ్రములను పుల్లతో శుభ్రము చేయవలెను. అవి మూసికొనినచో తలుపు కుండవలె నీటిని పట్టియుంచును. గీత పడినచో అది ఎఱ్ఱబాఱకముందే రంగు తాకింపవలెను.

కాలిన ఇంజను నూనెను అడుగున పూయు అలవాటు కలదు. అది రబ్బరు భాగములను చెఱచును, బ్రేకులపై పడినచో ప్రమాదము, కారినచోట నేలను పాడుచేయును. దానికి బదులుగా, శుభ్రముచేసి ఆరిన అడుగుభాగమునకు తారుజాతి పూతను వేయించుకొనవచ్చును. తడిమీద, తుప్పుమీద వేసిన పూత నీటిని లోపలనే బంధించునని మఱువరాదు.

మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెనుకబట్టిన పిదప మరొకసారి, ఏడాదికి రెండు దినములు ఈ పరీక్షకు కేటాయించిన చాలును. విత్తనమునకు ముందు నాగలిని సరిచూచుకొను రైతునకు ఇది క్రొత్త పాఠము కాదు. ఎఱ్ఱని పొడిగా నున్నపుడు గరుకు కాగితముతో తీరు పని, చిల్లు పడిన పిదప వెల్డింగుతోగాని తీరదు. ఛాసిస్‌కు ప్రాకిన పిదప ఒక్కొక్కప్పుడు దేనితోను తీరదు.