కొత్త మొక్కలతో వచ్చిన నత్తలు

ప్రశ్న: మా అక్వేరియంలో గప్పీలు పెంచుతున్నాం. కొత్త మొక్కలు నాటాక చిన్న చిన్న నత్తలు అద్దమంతా పాకుతున్నాయి. ఏరేసినా మళ్లీ పుడుతున్నాయి. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, విస్సన్నపేట

జవాబు: ఆ మొక్కలతోనే వచ్చాయమ్మా. ఆకు తిప్పి చూడండి, జిగురు ముద్దలో సన్నటి చుక్కలుంటాయి. అవే గుడ్లు. అయితే ఇంతగా పెరగడానికి అసలు కారణం మీరు వేసే మేత. చేపలు తినగా మిగిలిందంతా నత్తలకే. రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయండి. గప్పీలు ఎప్పుడూ ఆకలన్నట్టే తిరుగుతాయి, నమ్మకండి!

రాత్రి లైటు ఆర్పాక కీరదోస ముక్క వేసి, పొద్దున్నే దాన్ని పట్టుకున్న నత్తలతో సహా తీసేయండి. కొన్నాళ్లు ఓపికగా చేయాలి. నీళ్లు మార్చేటప్పుడు గొట్టంతో అడుగు మురికి లాగండి. ఇకపై కొత్త మొక్కల్ని లీటరుకు చెంచాడు పటిక పొడి కలిపిన నీళ్లలో రెండు మూడు గంటలు ఉంచి, బాగా కడిగి నాటండి. రాగి కలిసిన మందుల జోలికి పోవద్దు. నత్తలన్నీ ఒకేసారి చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలూ పోతాయి. ఏరినవాటిని చెరువులో, కాలవలో వేయకండి.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం ఆగొద్దు. క్లోరిన్ లేని నీళ్లతో మూడోవంతు మార్చి, పాత నీళ్లు సీసాలో పట్టుకుని దగ్గర్లోని అక్వేరియం దుకాణంలోనో, మత్స్యశాఖ అధికారికో చూపించండి.