పాత బుల్లెట్ వెనుక ఎగిరిపడుతోందా? స్ప్రింగులు మార్చే ముందు కొలవండి

గతుకుల రోడ్డు మీద పాత బుల్లెట్ వెనుక భాగం ఎగిరెగిరి పడుతుంటే షెడ్డులో వినిపించే మొదటి మాట "స్ప్రింగులు పోయాయి" అనే. కొత్త జత కొంటారు, బిగిస్తారు. వారం తిరక్కుండానే పాత కథ మళ్లీ మొదలవుతుంది. నిజానికి వెనుక సస్పెన్షన్‌లో అన్నిటికంటే ఆలస్యంగా పాడయ్యేది స్ప్రింగే. ముందుగా అరిగేవి బుష్‌లు, ఆ తర్వాత కారిపోయేది షాక్ అబ్జార్బర్‌లోని ఆయిల్. ఈ రెండు లోపాలూ ఒకదాన్నొకటి కప్పిపెడతాయి. అందుకే చేతితో నొక్కి తేల్చే తీర్పులు తరచూ తప్పుతాయి. టేపు, బరువు తూచే కాంటా, ఒక మొబైల్ ఫోన్ ఉంటే ఇంటి దగ్గరే అసలు సంగతి తేల్చుకోవచ్చు.

ఒకప్పుడు చాలా మోటార్‌సైకిళ్లకు వెనుక చక్రం ఫ్రేముకే నేరుగా బిగించి ఉండేది. సీటు కింది స్ప్రింగులే నడుముకు దిక్కు. 1948లో ఇంగ్లండులో జరిగిన కోల్‌మోర్ కప్ పోటీలో రాయల్ ఎన్‌ఫీల్డ్ దింపిన బుల్లెట్ నమూనాలకు మాత్రం వెనుక స్వింగ్ ఆర్మ్, దానికి రెండు వైపులా షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. స్వింగ్ ఆర్మ్ అంటే తలుపు బందు లాంటి ఇరుసు మీద పైకీ కిందికీ ఆడే చట్రం. దాని చివర చక్రం ఉంటుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక దశాబ్దాల పాటు మన రోడ్ల మీదికి వచ్చిన బుల్లెట్లు ఈ అమరికతోనే వచ్చాయి. ఇందులో స్ప్రింగ్ పని గతుకు ఇచ్చిన శక్తిని దాచుకుని తిరిగి ఇవ్వడం. షాక్ అబ్జార్బర్ పని ఆ శక్తిని వేడిగా మార్చి వదిలించుకోవడం. బుష్‌ల పని చక్రాన్ని పక్కలకు కదలనీయకుండా పైకీ కిందికీ మాత్రమే ఆడనివ్వడం.

స్ప్రింగ్ నిజంగా మెత్తబడుతుందా?

చుట్టల స్ప్రింగ్ గట్టిదనం నాలుగింటి మీద ఆధారపడుతుంది: ఉక్కు దృఢతా గుణకం, తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్టల సంఖ్య. ఏళ్ల తరబడి వాడినంత మాత్రాన ఉక్కు దృఢతా గుణకం తగ్గదు. చుట్టలూ తగ్గవు. ఎక్కువ బరువు మోసి మోసి స్ప్రింగ్ కాస్త పొట్టిదవుతుంది. అప్పుడు బండి కొంచెం కిందికి కూర్చుంటుంది గానీ, ప్రతి మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బలం దాదాపు అంతే ఉంటుంది. ఒక్క తుప్పుతోనే నిజమైన ప్రమాదం. గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 8 మి.మీ. తీగ తుప్పు తిని 7.5 మి.మీ.కు వస్తే గట్టిదనం దాదాపు 23 శాతం పడిపోతుంది. తుప్పు గుంటలు పడిన చోటే తీగ విరగడం కూడా మొదలవుతుంది. అలాంటి స్ప్రింగును మాత్రం ఆలోచించకుండా మార్చాల్సిందే.

షాక్ అబ్జార్బర్ మీద మెట్లుమెట్లుగా తిప్పే రింగు గురించి కూడా ఒక అపోహ ఉంది. దాన్ని బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు. ముందే కొంత నొక్కి పెట్టినట్టవుతుంది, బండి ఎత్తు పెరుగుతుంది, అంతే. రెండు వైపులా ఒకే మెట్టు మీద లేకపోతే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది.

టేపుతో మూడు కొలతలు

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, వెనుక ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన ఫ్రేము మీద పెట్టుకున్న గుర్తు దాకా ఎంత దూరముందో రాసుకోవాలి. ఇది చక్రం గాలిలో వేలాడుతున్నప్పటి కొలత. తర్వాత స్టాండ్ తీసి, ఒకరు హ్యాండిల్ పట్టుకోగా ఇంకోసారి కొలవాలి. చివరగా నడిపేవారు కూర్చున్నాక మరోసారి. మొదటి కొలతలోంచి మూడో కొలత తీసేస్తే వచ్చేది మనిషి బరువుతో బండి ఎంత దిగిందన్నది. చక్రం మొత్తం ఆడే దూరంలో ఇది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండటం మేలు. 80 మి.మీ. ఆడే బండికి ఇది 20 నుంచి 27 మి.మీ.

ధాన్యం బస్తాలు తూచే కాంటా అందుబాటులో ఉంటే ఇంకాస్త ముందుకు వెళ్లవచ్చు. వెనుక చక్రాన్ని కాంటా మీద, ముందు చక్రాన్ని అంతే ఎత్తున్న చెక్క మీద ఉంచాలి. మనిషి కూర్చోక ముందు, కూర్చున్నాక వెనుక చక్రం మీద బరువెంతో చూడాలి. ఉదాహరణకు బరువు 45 కిలోలు పెరిగి, ఇరుసు కొలత 18 మి.మీ. తగ్గిందనుకుందాం. 45ను 9.8తో గుణిస్తే 441 న్యూటన్లు. దాన్ని 18తో భాగిస్తే మిల్లీమీటరుకు 24.5 న్యూటన్లు. చక్రం దగ్గర రెండు స్ప్రింగులూ కలిసి చూపే గట్టిదనం ఇదే. పదో తరగతి భౌతికశాస్త్రంతో అయిపోయే లెక్క. అయితే బండి సొంత బరువుకే వెనుక భాగం కాస్తయినా దిగి ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది.

బుష్‌లు దాచే నిజం

కొలిచేటప్పుడు ఒక పేచీ వస్తుంది. సీటును కొద్దిగా నొక్కి మెల్లగా వదిలితే ఒక కొలత, కొద్దిగా పైకెత్తి మెల్లగా దించితే ఇంకో కొలత. అసలు విలువ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. చాలామంది దీన్ని చికాకుగా చూసి వదిలేస్తారు గానీ, మొత్తం పరీక్షలో పనికొచ్చే సమాచారం ఇక్కడే ఉంది. ఆ తేడాకు కారణం ఘర్షణ. రెండు మూడు మిల్లీమీటర్లయితే మామూలే. పది దాకా ఉంటే బుష్ ఎండిపోయి ఇరుసును పట్టేస్తోందనో, షాక్ అబ్జార్బర్ రాడ్డు వంగిందనో అనుమానించాలి. పట్టేసిన బుష్ చిన్న గతుకులకు అసలు కదలదు. ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకు చేరుతుంది. పైగా ఈ ఘర్షణ ఊపును త్వరగా ఆపేస్తుంది కాబట్టి, లోపల ఆయిల్ చుక్క లేని షాక్ అబ్జార్బర్ కూడా నొక్కి చూస్తే బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే బుష్ సంగతి ముందు చూడాలి.

రెండో రకం లోపం వదులు. చక్రం నేల తాకకుండా నిలిపి, స్వింగ్ ఆర్మ్ చివర పట్టుకుని పక్కలకు ఊపాలి. ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే కదిలితే తప్పు వీల్ బేరింగులది. ఆర్మే కదిలితే బుష్‌లు అరిగినట్టు. రెండు బుష్‌ల మధ్య 20 సెం.మీ. ఉండి, అక్కడ ఒక కొన రెండో దానితో పోలిస్తే అర మిల్లీమీటరు జరిగితే, 45 సెం.మీ. వెనక ఉన్న ఇరుసు దగ్గర అది 1.1 మి.మీ. అవుతుంది. మలుపులో బండి తోక ఊపినట్టు అనిపించడానికి ఇది చాలు.

కంచు బుష్‌లయితే పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టాలి, అరిగితే మార్చాలి. రెండు ఇనుప గొట్టాల మధ్య రబ్బరు అతికించిన సైలెంట్ బ్లాక్ రకమైతే గ్రీజూ ఆయిలూ తగలనీయకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇంకో సంగతి చాలా షెడ్లలో పట్టించుకోరు: ఈ రకంలో ఆ రబ్బరు మెలితిరగడం వల్లే ఆర్మ్ ఆడుతుంది. చక్రం వేలాడుతుండగా ఇరుసు నట్టు పూర్తిగా బిగిస్తే, బండి నేల మీద నిలిచిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. బండి తన బరువు మీద నిలిచాకే చివరి బిగింపు వేయాలి.

ఊపు లెక్కిస్తే ఆయిల్ సంగతి తెలుస్తుంది

బుష్‌లు సరిగ్గా ఉన్నాయని తేలాక మడ్‌గార్డు పక్కన స్కేలు నిలబెట్టి, సీటును గట్టిగా నొక్కి వదిలి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీయాలి. ఒక ఊపు తర్వాత వచ్చే ఊపు ఏడో వంతుకు పడిపోతే అవరోధం బాగున్నట్టు. సగమే తగ్గితే షాక్ అబ్జార్బర్ పని దాదాపు అయిపోయింది. పై ఉదాహరణలో స్ప్రింగుల మీద ఉన్న బరువు 115 కిలోలనుకుంటే, బండి సహజంగా సెకనుకు సుమారు 2.3 సార్లు ఊగుతుంది. నాలుగు మీటర్లకో అతుకు ఉన్న సిమెంటు రోడ్డు మీద గంటకు 33 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అతుకుల దెబ్బలు సరిగ్గా అదే లయలో తగులుతాయి. ఆయిల్ లేని బండిలో ప్రతి అతుకుకూ ఊపు పెరుగుతుంది. ఇదే అనునాదం. చక్రం నేలను వదిలిన ఆ క్షణంలో బ్రేకు నొక్కినా ఉపయోగం ఉండదు.

విప్పే ముందు

గొట్టం అంచు వంచి మూసేసినవి, నైట్రోజన్ నింపిన పక్క డబ్బా ఉన్నవి ఇంట్లో తెరవకూడదు. మర మూత ఉన్న పాత రకాలే సొంతంగా బాగుచేసుకోదగినవి. వాటిలోనూ స్ప్రింగ్ తీయడానికి సరైన కంప్రెసర్ వాడాలి. మిల్లీమీటరుకు 20 న్యూటన్ల స్ప్రింగును 50 మి.మీ. నొక్కితే అందులో 25 జౌళ్ల శక్తి ఉంటుంది. కిలో బరువు రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి ముఖం మీద పడటంతో సమానం. తాళ్లు కట్టి, కాలితో తొక్కి పట్టి తీయడం ఎక్కడ చూసినా వద్దని చెప్పాల్సిన పనే.

రాడ్డు మీద గోరు నడిపితే ఎక్కడైనా తట్టుకుంటే కొత్త సీల్ వేసినా నిలవదు. ఆయిల్ విషయంలో ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. 12 మి.మీ. రాడ్డు 80 మి.మీ. లోపలికి దూరితే దాదాపు 9 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆయిల్ నొక్కుకుపోదు కాబట్టి అంతకంటే ఎక్కువ గాలి చోటు మిగలకపోతే సీల్ బద్దలవుతుంది. మాన్యువల్లో రాసిన కొలతే, రెండు వైపులా సమానంగా పోయాలి. చేతిలో ఉంది కదా అని చిక్కటి ఇంజన్ ఆయిల్ పోస్తే ఒక గతుకు నుంచి చక్రం తిరిగి దిగకముందే రెండో గతుకు వచ్చేస్తుంది.

పైనా కిందా ఉండే చిన్న రబ్బరు బుష్‌లు మాత్రమే మార్చాలంటే ఒక్కో వైపే విప్పాలి. రెండో వైపు షాక్ అబ్జార్బర్ ఆర్మ్‌ను పట్టుకుని ఉంటుంది. పని అయ్యాక మూడు కొలతలూ మళ్లీ తీయాలి. బండి ఎత్తు మారితే చైన్ వదులు కూడా మారుతుంది కాబట్టి, దాన్ని కూడా మాన్యువల్లో చెప్పిన స్థితిలో బండిని నిలిపి, చైన్ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట సరిచూసుకోవాలి.