ఈ ఆదివారం వద్దులే

డిసెంబరు 31 రాత్రి తాడేపల్లిలో, ఇటు మంగళగిరిలో, బ్యారేజీ దాటితే బెజవాడలో ప్రార్థన మందిరాలు కిటకిటలాడతాయి. పన్నెండు కొట్టేవేళకు మోకాళ్ల మీద ఉన్నవాళ్లలో చాలామంది ఏదో ఒకటి మానేస్తామని ప్రభువుకు మాట ఇచ్చేసి ఉంటారు. ఒకరికి మందు, ఒకరికి గుట్కా, ఇంకొకరికి ఫోన్లో బెట్టింగు, మరొకరికి కోపం వస్తే ఇంట్లో చెయ్యి చేసుకోవడం. పాస్టరుగారు ఇచ్చిన వాగ్దానం కార్డు బైబిల్లో భద్రంగా చేరుతుంది. రెండు వారాలు తిరక్కుండానే సంక్రాంతి. చుట్టాలు దిగుతారు, బావమరుదులు పిలుస్తారు, తోటల్లో పందెం బరులు లేస్తాయి. కనుమ దాటేసరికి ఆ తీర్మానాల్లో సగం గాలికి పోతాయి.

పడటంలో వింతేమీ లేదు. అసలు చిక్కు ఆ తర్వాతి ఆదివారం వస్తుంది. భార్యాపిల్లలు చర్చికి తయారవుతుంటే మాట తప్పిన పెద్దమనిషి మంచం దిగడు. "ఈ ఆదివారం వద్దులే, మీరెళ్లి రండి" అంటాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలని లోపల గింజుకుంటాడు. పై నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. అందులో చెయ్యి వేస్తే మనస్సాక్షి ఒప్పుకోదు, వెయ్యకపోతే పదిమందీ కనిపెడతారు. ఓ నెల నిలకడగా ఉండి, కాస్త బాగుపడ్డాక వెళ్దాంలే అనుకుంటాడు. పైకి ఎంతో వినయంగా వినిపించే ఈ మాటే మనిషిని ముంచుతుంది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ అయినా, హైవే పక్క అపార్టుమెంటులో ఉండే ఇంజనీరు అయినా ఇక్కడ తేడా లేదు. నెల కాస్తా మూడు నెలలవుతుంది. ఈస్టరు వెళ్లిపోతుంది. మళ్లీ డిసెంబరు 31 దాకా మనిషి కనిపించడు.

ఈ జారుడును దగ్గర నుంచి చూసినవాళ్లలో అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఒకడు. తాగుడు మానినవాళ్లు మళ్లీ ఎందుకు మొదలుపెడతారన్న దాని మీద జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో పుస్తకం తెచ్చాడు. ఒక్క గ్లాసు దగ్గర ఆగిపోవలసింది వారం రోజుల తాగుడుగా ఎలా మారుతుందో ఆయన విడమరచి చూపాడు. ఆ మొదటి గ్లాసు తర్వాత మనిషి తనకు తాను చెప్పుకునే మాటలోనే ఉంది కిటుకంతా. "ఇవాళ తప్పు చేశాను" అనుకున్నవాడు ఇంటికి వెళ్తాడు. "నా బతుకే ఇంత, నేను మారే రకం కాదు" అనుకున్నవాడు రెండో సీసా తెప్పిస్తాడు. ఎలాగూ పోయిందిగా, ఇంకేం మిగిలిందని!

సరే, తనను తాను అంత తొందరగా క్షమించేసుకుంటే మనిషి ఇంకా చెడిపోడా? సంఘ పెద్దలకు ఉన్న భయం ఇదే. కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయం నుంచి 2010లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని చిన్న పరిధిలో పరీక్షించింది. మొదటి సంవత్సరం విద్యార్థులు 119 మందిని తీసుకుని, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినవాళ్లు రెండో పరీక్షకు ఏం చేశారో చూశారు. తమ తప్పును క్షమించుకున్నవాళ్లు రెండోసారి వాయిదాలు తగ్గించారు. తమను తాము తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. చదువు ఎగ్గొట్టడం, ప్రభువుకిచ్చిన మాట తప్పడం ఒకటి కావు. తనను తాను క్షమించుకోవడం దేవుని క్షమాపణకు సాటి రాదు కూడా. అయినా తిట్టుకోవడమే బాగుపడటమన్న పాత నమ్మకానికి మాత్రం ఈ చిన్న అధ్యయనం గండి కొట్టింది.

పెద్దల భయం నిన్నటిది కాదు. రెండో శతాబ్దంలో రోములో హెర్మాస్ అనే క్రైస్తవుడు రాసిన గ్రంథం ప్రకారం బాప్తిస్మం తర్వాత ఘోరంగా పడినవాడికి పశ్చాత్తాపపడే అవకాశం ఒక్కటే. ఈ లెక్కలు తెలిసినవాళ్లు కొందరు తెలివిగా బాప్తిస్మాన్నే వాయిదా వేసేవాళ్లు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 337లో మరణశయ్య మీద గానీ తీసుకోలేదు. 589లో స్పెయిన్‌లోని టొలెడోలో సమావేశమైన బిషప్పులు, పాపం చేసినప్పుడల్లా వచ్చి క్షమాపణ అడిగే అలవాటును గట్టిగా ఖండించారు. ఇంతమంది అడ్డుపడ్డా ఐర్లండు సన్యాసులు వ్యాప్తి చేసిన ఆ అలవాటే చివరికి నిలిచింది. 1215 నాటికి ఏడాదికోసారైనా పాపాలు ఒప్పుకుని తీరాలని రోము సభే నియమం పెట్టింది. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల మాత ఉత్సవాల్లో పాపసంకీర్తనం కోసం గురువుల దగ్గర నిలబడేవాళ్లను, ఇది మీకు ఎన్నోసారని ఎవరూ అడగరు.

గుంటూరు జిల్లాకు మార్టిన్ లూథర్ బోధ వేరే దారిలో వచ్చింది. 1842లో అమెరికా మిషనరీ జాన్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టాడు. ఆ చెట్టుకు కాసిన సంఘాలు 1927లో ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో తన పాపాలు ఒప్పుకోవడానికి గురువు దగ్గర గంటలకు గంటలు కూర్చునేవాడట. బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వెనక్కి! వినేవాడికే విసుగొచ్చిందంటారు. ఆ మనిషే 1517లో రాసిన తొంభై అయిదు ప్రతిపాదనల్లో మొట్టమొదటిది పశ్చాత్తాపం గురించి: అది విశ్వాసి జీవితమంతా సాగవలసిన పని అన్నాడు. అందుకే కాబోలు, లూథరన్ ఆరాధన క్రమంలో పాపపు ఒప్పుకోలు మొదట్లోనే ఉంటుంది. వాక్యం, కానుక, బల్ల అన్నీ ఆ తర్వాతే. పాస్టరుగారితో సహా అందరూ కలిసి ఒప్పుకుంటారు. బాగుపడ్డాక రమ్మని ఆ క్రమం ఎక్కడా చెప్పదు. మంచం దిగని ఆ పెద్దమనిషికి ఈ వరుస బాగా తెలుసు, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. నోటికి రావడం వల్లే దాని అర్థం చెవికి ఎక్కకుండా పోయిందేమో.

సువార్తల్లో ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు పడ్డారు. యూదా అప్పగించాడు, పేతురు ముమ్మారు ఎరగనన్నాడు. ఇద్దరూ కుమిలిపోయారు. మనం మరిచిపోయే సంగతేమిటంటే యూదా కూడా తప్పు ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలు వెనక్కి ఇచ్చాడు. పాపం, ఒప్పుకున్నది ప్రధాన యాజకుల దగ్గర. మాకేంటి, నీ సంగతి నువ్వు చూసుకో అన్న ధోరణిలో వాళ్లు తేల్చేశారు. అక్కడి నుంచి నేరుగా ఉరితాడు దగ్గరికి పోయాడు. పేతురు దగ్గర తిరిగి ఇవ్వడానికి డబ్బు కూడా లేదు. తిబెరియ సముద్రం మీద ఓ తెల్లవారుజామున గట్టున నిలబడింది ప్రభువేనని తెలియగానే పై బట్ట చుట్టుకుని నీళ్లలో దూకేశాడు. గట్టు ఇన్నూరు మూరల దూరం. మిగతావాళ్లు వల లాక్కుంటూ పడవలో వస్తున్నారు, ఈయన ఆగలేదు. గట్టు మీద బొగ్గుల నిప్పు, దాని మీద చేపలు. యాజకుడి వాకిట్లో ఎరగనని చెప్పిన రాత్రి కూడా ఆయన చలి కాచుకుంటున్నది బొగ్గుల నిప్పు దగ్గరే. తిండి అయ్యాక ప్రభువు మూడుసార్లు ప్రేమ గురించే అడిగాడు, మూడుసార్లూ పని అప్పజెప్పాడు. ఆ రాత్రి సంగతి ఎత్తనే లేదు. సంజాయిషీ అడగలేదు, ఆరు నెలలు నిలకడగా ఉండి చూపించమనలేదు.

ఇదే వేగం ఇరవయ్యో శతాబ్దంలో ఓ డాక్టరు జీవితంలో కనిపిస్తుంది. అమెరికాలోని ఏక్రన్ పట్నంలో రాబర్ట్ స్మిత్ పేరున్న సర్జన్, పేరుమోసిన తాగుబోతు. రెండేళ్లకు పైగా ఓ క్రైస్తవ ప్రార్థన కూటానికి వెళ్తూనే తాగుతూనే ఉన్నాడు. 1935 మే నెలలో తనలాగే తాగి చెడిన బిల్ విల్సన్ పరిచయమయ్యాక మానేశాడు. కొద్ది వారాలకే వైద్యుల మహాసభకని రైలెక్కాడు, దారి నుంచే మొదలుపెట్టి ఒళ్లు తెలియకుండా తాగి వచ్చాడు. బిల్ ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొమ్మనలేదు, పక్కనే కూర్చుని మత్తు దింపాడు. జూన్ 10న ఆపరేషన్‌కు ముందు చేతుల వణుకు తగ్గడానికి ఇచ్చిన బీరే స్మిత్ జీవితంలో ఆఖరి మందు. 1950లో చనిపోయేదాకా మళ్లీ ముట్టలేదు. తాగుడు మానేవాళ్ల సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ జూన్ 10నే. మొదట మానిన రోజును కాదు, మానలేక పడి మళ్లీ లేచిన రోజును!

అయితే ఇక్కడో మెలిక. తిరిగి రావడం తేలికని అప్పులన్నీ మాఫీ అనుకుంటే కుదరదు. బెట్టింగులో పోయిన పత్తి డబ్బు ప్రార్థనతో తిరిగి రాదు. వడ్డీ వ్యాపారి దగ్గర పుస్తెలతాడు కుదువ పెట్టిన భార్యకు ప్రభువు క్షమించాడన్న సాక్ష్యం వినిపిస్తే సరిపోదు, తాడు విడిపించాలి. జక్కయ్య తన ఇంటికి బసకు వచ్చిన ప్రభువు ముందే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో చవక కృప గురించి కోప్పడింది సరిగ్గా ఈ విషయం మీదే. మన సంఘాల్లో ఈ రెండో సగం మీద ప్రసంగాలు తక్కువ.

కాబట్టి పడిన రోజే చేయాల్సిన పనులు చిన్నవి. ఆ రాత్రే మోకాళ్లూని తప్పును పేరు పెట్టి చెప్పడం, "నా బలహీనతలు" అని గంపగుత్తగా కాదు. నమ్మకమున్న ఒక్కరికి, నోరు జారని అన్నకో అక్కకో, ఫోన్ చేయడం. యాప్ తీసేయడం, వైన్‌షాపు ముందుగా పోయే దారి మార్చుకోవడం. ఆదివారం సిగ్గుతోనే వెళ్లడం, కావాలంటే వెనక చాప మీద కూర్చోవచ్చు. సంఘం వైపు నుంచీ ఒక పని ఉంది: రెండు ఆదివారాలు కనబడనివాడి ఇంటికి కానుకల కవరు లేకుండా, ఉపదేశం లేకుండా ఓ పెద్ద వెళ్లి టీ తాగి రావడం.

పేతురు ఆ గట్టు మీద బాగుపడిపోయాడనుకుంటారు చాలామంది. ఏళ్లు గడిచాక అంతియొకయలో మళ్లీ పడ్డాడు. అన్యజనులతో కలిసి తినేవాడు కాస్తా యెరూషలేము నుంచి మనవాళ్లు వచ్చారనగానే భయపడి విస్తరి వేరు చేసుకున్నాడు. ఎరగననడం కంటే ఇది చిన్న తప్పేమీ కాదు. పౌలు అందరి ముందు నిలదీశాడు. ఆ సంగతి గలతీయుల పత్రికలో దాచకుండా రాసిపెట్టాడు కూడా. పేతురు పేరిట ఉన్న రెండో పత్రిక మాత్రం పౌలును ఆప్యాయంగానే తలుచుకుంటుంది.

గుంటూరు, ఒంగోలు సీమలో ఆ విస్తరి గొడవ ఇంకా తేలలేదు. మాలపల్లెలో లూథరన్ చర్చి, మాదిగపల్లెలో బాప్టిస్టు చర్చి, పైకులాల విశ్వాసులకు ఇంకెక్కడో మరొకటి, ఇలా నడిచే ఊళ్లున్నాయి. సంబంధాలు చూసేటప్పుడు విశ్వాసం తర్వాత అడిగే ప్రశ్న ఏమిటో పెళ్లిళ్ల పేరయ్యలకు తెలుసు, ఒక్కోసారి ముందు అడిగేదే అది. మందు మానలేనివాడు కనీసం ఇంట్లో పడుకుని సిగ్గుపడుతున్నాడు. పక్క పల్లె బల్లలో చెయ్యి వెయ్యనివాళ్లు మాత్రం ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చుని ఒప్పుకోలు ప్రార్థన గొంతెత్తి చెబుతున్నారు.